మాటిమాటికి ఆగిపోవు కంప్యూటరు: కారణమును కనిపెట్టు విధము

ఒకప్పుడు పట్టణములలోని బ్యాంకులకు, పెద్ద కార్యాలయములకు మాత్రమే పరిమితమైయుండిన కంప్యూటరు నేడు గ్రామములలోని సామాన్య గృహములకు కూడ వచ్చినది. పిల్లల పాఠములు, పరీక్షల దరఖాస్తులు, భూమి పత్రముల నకళ్లు, దూరదేశముననున్న కుమారునితో ముఖాముఖి సంభాషణ, చిల్లర వ్యాపారి ఖాతా లెక్కలు, ఇవి యన్నియు దానిమీదనే సాగుచున్నవి. పంచాయతీ కార్యాలయము సంగతి చెప్పనక్కరలేదు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైన పిమ్మట ప్రణాళికలు, జమాఖర్చులు దాని ద్వారానే నమోదు కావలసియున్నవి. ఇట్టి యంత్రము పని నడుమ హఠాత్తుగా ఆగిపోయినచో కలుగు చికాకు అనుభవించినవారికే తెలియును. ఏ ఆరు నెలలకో ఒకసారి ఆగుట విశేషము కాదు. దినమునకు రెండు మూడుసార్లు ఆగుచున్నచో అది వ్యాధియే.

అట్టి సమయమున సాధారణముగా జరుగునది సభ్యులెరుగనిది కాదు. మండల కేంద్రమునుండి మెకానికును పిలిపింతురు. అతడు రెండు నిమిషములు చూచి, "విండోస్ పోయినది, ఫార్మాటు చేయవలెను" అనును. ఫార్మాటు అనగా డిస్కులో నున్నదంతయు తుడిచివేసి, విండోస్‌ను మరల మొదటినుండి ఎక్కించుట. వారము గడచునప్పటికి యంత్రము మరల ఆగును. అప్పుడు ర్యామ్ మార్చుదురు. ఆ తరువాత ఎస్.ఎమ్.పి.ఎస్. మార్చుదురు. తుదకు "మదర్‌బోర్డు పోయినది, క్రొత్తది కొనుడు" అను మాట వినవచ్చును. ఈలోగా ఖర్చయిన సొమ్ము అటుండగా, తుడిచివేయబడిన కాగితములు, ఛాయాచిత్రములు తిరిగి రావు.

సభ్యులను మెకానికులుగా మార్చుట మా ఉద్దేశము కాదు. కాని గ్రామమున ఎవరి యంత్రము చెడినను, ఏ వస్తువు కొనవలసివచ్చినను సలహాకు వచ్చునది సభ్యుల వద్దకే. కంప్యూటరు ఊరక ఆగదు. దానిని ఆపు కారణములు ఐదారు రకములు. ఒక్కొక్క కారణము యంత్రమును ఒక్కొక్క తీరున, ఒక్కొక్క వేళ ఆపును. ఆ తీరును, ఆ వేళను గమనించినచో, ఒక్క పైసా వెచ్చింపకముందే సగము నిర్ణయము జరిగినట్లే.

ఒక మాట ముందుగా చెప్పవలసియున్నది. మన వాడుకలో బల్లక్రింద నుండు పెట్టెనంతటిని సీపీయూ అనుచున్నారు. నిజమునకు సీపీయూ అనగా ఆ పెట్టెలోని ముఖ్యమైన చిప్పు, ప్రాసెసరు, మాత్రమే. ఇచట పెట్టెను పెట్టె అనియే వ్రాయుచున్నాము.

మొదట నకళ్లు తీయుడు

యంత్రము ఆగుచున్నదని తెలిసిన దినముననే చేయవలసిన పని మరమ్మతు కాదు, నకళ్లు తీయుట. ఆగుటకు కారణము డిస్కు అయినచో, ప్రతి ఆరంభమును చివరి ఆరంభము కావచ్చును. కావున యంత్రము నడచుచున్న కొద్దిసేపటిలోనే ముఖ్యమైన పత్రములను, ఛాయాచిత్రములను ఒక పెన్‌డ్రైవులోనికో, విడి హార్డ్ డిస్కులోనికో ఎక్కించవలెను. రెండుచోట్ల ఎక్కించుట మరియు మేలు. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అను అరలతో పాటు డెస్క్‌టాప్‌ను మరువరాదు. అనేకులు తమ పత్రములన్నింటిని తెరమీదనే పరచియుంతురు. ఆ తెరయు సి డ్రైవులోని భాగమే కనుక, ఫార్మాటులో మొదట పోవునవి అవియే.

పంచాయతీ కార్యాలయములకు సంబంధించి ఇంకొక సంగతి కలదు. ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదైన లెక్కలు మీ పెట్టెలో ఉండవు, దూరముననున్న సర్వరులో ఉండును. కావున వాటికి భయము లేదు. కాని సభల తీర్మానముల ముసాయిదాలు, ఉత్తర ప్రత్యుత్తరములు, స్కాను చేసిన కాగితములు, పనుల ఫొటోలు మీ పెట్టెలోనే ఉండును. పాతవి అనూ వంటి యూనికోడేతర ఫాంట్లలో కొట్టినవైయుండవచ్చును. ఫార్మాటు తరువాత అట్టి పత్రమును తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనిపించును. పత్రము చెడినదని భయపడి దానిని తొలగించినవారు కలరు. పత్రము చెడలేదు, ఫాంటు మాత్రమే లేదు. ఫాంటును మరల ఎక్కించినచో అక్షరములు యథాస్థితికి వచ్చును. కనుక పత్రములతో పాటు ఏ ఫాంటు వాడినదియు వ్రాసి ఉంచవలెను.

ఆగిన వేళను పుస్తకములో వ్రాయుడు

1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారి మార్క్ 2 అను గణనయంత్రము పని తప్పినది. వెదకిచూడగా, విద్యుత్తుతో తెరచుకొని మూసికొను ఒక రిలే స్విచ్చులో రెక్కల దీపపు పురుగు ఒకటి చిక్కుకొని కనిపించినది. యంత్రమును నడుపువారు ఆ పురుగును తీసి, తమ దినచర్య పుస్తకములో టేపుతో అంటించి, వేళతో సహా వ్రాసి ఉంచిరి. యంత్రదోషమును పురుగు అని పిలుచు అలవాటు అంతకుముందే కలదు. నిజమైన పురుగే దొరకుట వారికి వినోదమైనది. ఆ పుస్తకపు పుట నేటికిని స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. పురుగు కథ అందరును చెప్పుదురు. వేళ వ్రాసి ఉంచిన పుస్తకమే మేము చూపదలచినది. అంత చదువుకొన్నవారు కూడ యంత్రము తప్పిన ప్రతిసారి కాగితముమీద వ్రాసికొనెడివారు.

మీ పెట్టె పక్కన కూడ ఒక చిన్న పుస్తకము ఉంచుడు. ఆగిన ప్రతిసారి తేదీ, వేళ, అప్పుడు చేయుచున్న పని, ఆరంభించి ఎంతసేపైనది, ఇంటిలోని దీపములు మినుకుమన్నవా లేదా, ఈ సంగతులు వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఆగిన తీరు. ఊదిన దీపమువలె టక్కున ఆరిపోయినచో విద్యుత్తునో వేడిమినో అనుమానింపవలెను. ఆరి, తనంతతానే మరల ఆరంభమైనచో వాటితో పాటు ర్యామ్, సాఫ్ట్‌వేర్లు కూడ అనుమానితులే. తెరమీది బొమ్మ బిగిసిపోయి మౌసు కదలనిచో, అనగా హ్యాంగ్ అయినచో, డిస్కు, ర్యామ్, డ్రైవర్ల వైపు చూడవలెను. నీలపు తెర, లేదా ఇటీవలి విండోస్‌లో నల్లని తెర వచ్చి దానిపై అక్షరములు కనిపించినచో, వెంటనే ఫోనుతో దానిని ఫొటో తీయవలెను. ఆ అక్షరములు మనకు అర్థము కాకపోవచ్చును గాని తెలిసినవానికి అవి రోగి నాడివంటివి. ఒక్క ప్రోగ్రాము మాత్రమే మూతపడి, తక్కిన యంత్రము చక్కగా నడచుచున్నచో దోషము చాల మట్టుకు ఆ ప్రోగ్రాములోనిదే. పెట్టెను విప్పవలసిన పని లేదు.

విండోస్ కూడ తన మట్టుకు ఒక పుస్తకము వ్రాసికొనుచునే యుండును. వెదకు గడిలో రిలయబిలిటీ అని కొట్టినచో దినముల వారీగా ఒక పట్టిక తెరచుకొనును. యంత్రము తప్పిన దినములకెదురుగా ఎర్రని గుర్తులుండును. అందులో విండోస్ సక్రమముగా మూతపడలేదని మాత్రమే యున్నచో, విద్యుత్తు తెగుటగాని, పెట్టె తనంత తాను ఆరుటగాని జరిగియుండును. ఏదైన ప్రోగ్రాము పేరు పదేపదే కనిపించినచో అనుమానము ఆ వైపు తిరుగును.

విద్యుత్తు

గ్రామములలో కంప్యూటరు ఆగుటకు మొదట చూడవలసినది పెట్టె లోపల కాదు, పెట్టె వెలుపల. మనకు రావలసిన విద్యుత్తు 230 వోల్టులు. వచ్చునది ఎంతయో చూచినవారు తక్కువ.

మెట్ట ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక ఉపాధ్యాయుని ఇంట జరిగిన సంగతి మా దృష్టికి వచ్చినది. ఆయన కంప్యూటరు ఉదయమున తరచు ఆరిపోయి మరల ఆరంభమగుచుండెడిది. రెండుసార్లు ఫార్మాటు చేయించిరి. క్రొత్త ర్యామ్ కొనిరి. రెండవ ఫార్మాటులో, తెరమీద ఉంచిన ఆయన తల్లిగారి చివరి దినముల ఛాయాచిత్రములు పోయినవి. మరల ఆగుచున్నదని తెలిసినపుడు ఆయన కుమార్తె పన్నెండు దినములు వేళలు వ్రాసినది. పుస్తకము చూడగా, ఒకటి రెండు తప్ప, ఆగిన వేళలన్నియు వ్యవసాయమునకు త్రీఫేజు విద్యుత్తు ఇచ్చిన కొద్ది క్షణములలోపలనే యున్నవి. ఆ పొలములలోని బోరు మోటార్లన్నింటికి ఆటోస్టార్టర్లు కలవు. విద్యుత్తు రాగానే మోటార్లన్నియు ఒక్కసారిగా లేచును. మోటారు లేచునపుడు, నడచునప్పటికంటె ఐదారు రెట్లు విద్యుత్తును లాగును. ఆ లాగుడునకు ఊరి వోల్టేజి కొన్ని క్షణములు కూలబడును. ఫ్రిజ్ స్టెబిలైజరుపైనున్న అంకెను చూడగా ఆ వేళకు 160 చూపినది.

అయితే ఆ ఇంట యూపీఎస్ లేదా? కలదు. దాని దీపము కూడ వెలుగుచున్నది. కాని లోపలి బ్యాటరీ ఎన్నడో చచ్చినది. వోల్టేజి పడిన ప్రతిసారి యూపీఎస్ బ్యాటరీకి మారబోవును, బ్యాటరీలో పస లేదు, కంప్యూటరు ఆరును. క్రొత్త బ్యాటరీ వేయించిన పిమ్మట ఆగుట మానినది. ర్యామ్‌లో ఏ దోషము లేదు. విండోస్‌లోను లేదు.

చిన్న యూపీఎస్‌లలో సాధారణముగా నుండునది 12 వోల్టులు, 7 ఆంపియరు-గంటల బ్యాటరీ. చల్లని ప్రదేశములలో అది మూడునుండి ఐదేండ్లు నిలుచును. మన ఎండలకు అంత నిలువదు. దానిని పరీక్షించుట సులభము. కంప్యూటరును మూసివేసి, దాని తీగ తీసివేసి, యూపీఎస్‌కు 60 వాట్ల పాతరకపు ఫిలమెంటు బల్బును తగిలించవలెను. కోళ్ల ఫారములలో పిల్లలకు వెచ్చదనమునకై వాడు బల్బు సరిపోవును. ఎల్.ఈ.డి. బల్బు చాల తక్కువ లాగును గనుక ఈ పరీక్షకు పనికిరాదు. గోడ స్విచ్చును ఆపినపుడు బల్బు వెంటనే గాని, నిమిషములోపల గాని ఆరినచో బ్యాటరీ మార్చవలసినదే. లేజరు ప్రింటరును ఎన్నడును యూపీఎస్‌కు తగిలించరాదు. లోపలి భాగము వేడెక్కునపుడు అది ఒక్కసారిగా లాగు విద్యుత్తును చిన్న యూపీఎస్ భరింపలేదు. "ప్రింటు కొట్టినపుడెల్ల కంప్యూటరు ఆగుచున్నది" అను ఫిర్యాదునకు పలుమారులు ఇదియే కారణము.

ఇంటి ఇన్వర్టరుమీద కంప్యూటరు నడుపువారు దాని వెనుక గల చిన్న స్విచ్చును చూడవలెను. అనేక ఇన్వర్టర్లకు సాధారణ మోడు, యూపీఎస్ మోడు అని రెండు కలవు. విద్యుత్తు పూర్తిగా తెగినపుడు ఎస్.ఎమ్.పి.ఎస్. కంప్యూటరును నిలుపగలుగునది సెకనులో సుమారు అరువదవ వంతు కాలము మాత్రమే. సాధారణ మోడులో ఇన్వర్టరు మారుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టవచ్చును. ఫ్యాను ఆ తేడాను గమనింపదు గాని కంప్యూటరు గమనించును. ఎస్.ఎమ్.పి.ఎస్. మార్చవలసి వచ్చినపుడు దానిపై చీటీ చూచి, 100 నుండి 240 వోల్టులవరకు అని యున్న రకము కొనినచో లో ఓల్టేజిని బాగుగా తట్టుకొనును.

పెట్టె ఇనుపభాగమును తాకినపుడు చేతికి చిమచిమ అనిపించినచో ఎర్తింగు లేదని అర్థము. మూడవ పిన్నును విరుగగొట్టుట, రెండు పిన్నుల ప్లగ్గునకు ఎక్కించుట మనవారికి అలవాటైనది. ఎస్.ఎమ్.పి.ఎస్.లోని సన్నని విద్యుత్తు భూమిలోనికి పోవుటకు త్రోవ లేనపుడు పెట్టె రేకుమీద నిలుచును. ఇది మనిషికే గాక, పెట్టెకు తగిలించు పెన్‌డ్రైవులకు, ప్రింటర్లకు కూడ కీడు. బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీయించి ఎర్తు వేయించుటయు, వేసవిలో ఆ గొయ్యి ఎండిపోకుండ నీరు పోయుటయు చేయవలెను. ఇక ఒక ఇంట దీపములు మితిమీరి వెలుగుచు, పక్క ఇంట మసకబారుచున్నచో అది కంప్యూటరు సమస్య కాదు. న్యూట్రల్ తీగ తెగియుండవచ్చును. అట్టి వేళ 230 వోల్టుల సాకెటులోనికి 400 వోల్టులకు దగ్గరగా రాగలదు. మెయిను ఆపి లైన్‌మనుకు వెంటనే కబురంపవలెను.

వేడిమి, దుమ్ము, బల్లులు

ఆగుట మధ్యాహ్నములందు, వేసవియందు, ఆరంభించిన పావుగంట అరగంటకు, ముఖ్యముగా వీడియోలు, ఆటలు నడచునపుడు జరుగుచున్నచో వేడిమిని అనుమానింపవలెను. ప్రాసెసరు సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు చేరినచో, తాను కాలిపోకుండుటకై ముందు నెమ్మదించును, అప్పటికిని చల్లారనిచో ఆరిపోవును. ఇది దోషము కాదు, రక్షణ. రెంటచింతల, రామగుండములవంటి చోట్ల మే నెలలో బయటి గాలియే 45 డిగ్రీలవరకు పోవును. ఆ గాలితోనే పెట్టెలోని ఫ్యాను ప్రాసెసరును చల్లార్పవలసియున్నది. రేకుల యింటిలో, గోడకు ఆనించి, బల్ల అరలో మూసిపెట్టిన యంత్రమునకు ఆ గాలి కూడ అందదు. దుమ్ము పడునని, నడచుచున్న పెట్టెపైనే గుడ్డ తొడుగు కప్పియుంచు గృహములు కూడ కలవు. ఆపిన తరువాతనే తొడుగు వేయవలెను.

పరీక్ష యిది. విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె పక్క తలుపు విప్పవలెను. ఫ్యాను రెక్కల వెనుకనున్న లోహపు పొరల నడుమ దుమ్ము గొంగళివలె పేరుకొనియున్నచో కారణము చాల వరకు దొరకినట్లే. దూది, పిండిమర, బియ్యపు మిల్లు సమీపమున ఇది ఏడాది తిరుగకముందే జరుగును. వసారాలోనికి తెచ్చి, ఫ్యాను తిరుగకుండ వేలితో పట్టుకొని, బ్లోయరుతో ఊదవలెను. ఫ్యానును వదలి ఊదినచో అది మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవును. అప్పటికిని తగ్గనిచో తలుపు తీసియుంచి, టేబుల్ ఫ్యానును దూరమునుండి పెట్టె వైపు తిప్పి ఒక దినము నడిపి చూడవలెను. ఆ దినము ఆగనిచో వేడిమియే కారణమని రూఢి. అప్పుడు మెకానికును పిలిచి ప్రాసెసరుపై ఎండిపోయిన పేస్టును తీయించి క్రొత్త పేస్టు వేయించుటతో సరిపోవును. ఖర్చు స్వల్పము.

పెట్టె వెనుక రేకు ముక్కలు ఊడిన కంతలను మూయించవలెను. వెచ్చదనమునకు బల్లులు, చీమలు లోపల చేరును. ఎస్.ఎమ్.పి.ఎస్.లో దూరిన బల్లి తాను చచ్చుటయేగాక యంత్రమును కూడ కాల్చును. ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బాను మాత్రము ఇంటివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలువయుండును. తలుపు విప్పినపుడు మదర్‌బోర్డుపై చిన్న గొట్టములవలెనున్న కెపాసిటర్ల తలలు చదునుగా నున్నవా, ఉబ్బినవా అని కూడ చూడవలెను. 2000 దశకపు తొలి సంవత్సరముల యంత్రములలో ఇవి ఉబ్బి చెడుట ప్రపంచమంతట కనిపించినది. అంత పాతవి ఇంకను కొన్ని చోట్ల నడచుచున్నవి. లాప్‌టాపుల విషయమున ఒక్క హెచ్చరిక చాలును. అడుగు రేకు గాని, వ్రేలితో రాయు పలక గాని పైకి ఉబ్బినచో లోపలి బ్యాటరీ ఉబ్బినదని గ్రహించి, ఛార్జింగు మాని దుకాణమునకు చేర్చవలెను.

ర్యామ్, డిస్కు

ర్యామ్ చెడినచో యంత్రము ఒక నియమము లేకుండ ఆగును. నీలపు తెరపై అక్షరములు ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా నుండును. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష కలదు. రాత్రి దానిని నడిపి ఉంచవచ్చును. రెండు ర్యామ్ పట్టీలున్నచో ఒకటి తీసి ఒకటితో ఒక దినము, రెండవదానితో ఇంకొక దినము నడిపి చూచుట అంతకంటె నమ్మదగిన పరీక్ష. చాలసార్లు పట్టీలో దోషముండదు. దాని బంగారువన్నె అంచునకు తేమవలన పట్టిన మకిలియే దోషము. ప్లగ్గు తీసి, పెట్టె లోహమును ఒకసారి తాకి, పట్టీని తీసి, ఆ అంచును పిల్లల రబ్బరుతో మృదువుగా తుడిచి, పొట్టు ఊదివేసి, టక్కుమని కూర్చున్నంతవరకు మరల నొక్కవలెను. ఇది చేయకముందు క్రొత్త ర్యామ్ కొనుటకు ఒప్పుకొనరాదు.

డిస్కు జబ్బుపడినచో తెర బిగియుట, డిస్కు దీపము ఆరకుండ వెలుగుట, ఫైలు తెరచుటకు నిమిషములు పట్టుట కనిపించును. తిరుగు డిస్కులైనచో టిక్కు టిక్కుమను చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడు వినిన తరువాత మరమ్మతు ప్రోగ్రాములు నడుపరాదు. మొదట నకళ్లు, పిమ్మట మార్పిడి. సి డ్రైవు నిండినను యంత్రము హ్యాంగ్ అగును, దానిని డిస్కు చెడుటతో పొరబడరాదు.

ఈ పరీక్షలలో ఒకేసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ర్యామ్ తుడిచి, ఫ్యాను మార్చి, విండోస్ కూడ మరల ఎక్కించి, తరువాత యంత్రము బాగుపడినచో, బాగుచేసినది ఏదియో ఎవరికిని తెలియదు.

సాఫ్ట్‌వేరు

దోషము యంత్రములోనిదా, విండోస్‌లోనిదా అను ప్రశ్నకు చౌకయైన పరీక్ష ఒకటి కలదు. ఉబుంటు అను ఉచిత ఆపరేటింగ్ సిస్టమును ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, డిస్కులో ఏమియు మార్చకుండ, పెన్‌డ్రైవునుండియే యంత్రమును నడుపవచ్చును. పట్టణమునందు చదువుచున్న పిల్లలలో ఎవరైనను ఇది చేసియీయగలరు. ఒక దినము అట్లు నడిపినపుడు కూడ ఆగినచో విండోస్‌ను నిందించి లాభము లేదు, ఫార్మాటు చేయించినను ఫలితముండదు. ఆగనిచో దోషము విండోస్‌లోనో, దాని డ్రైవర్లలోనో, డిస్కులోనో యుండును. మేమైతే ఈ పరీక్ష జరుగకుండ ఏ యంత్రమును ఫార్మాటునకు ఒప్పగింపము.

సాఫ్ట్‌వేరు దోషమని తేలినపుడు కూడ ఫార్మాటు చివరి మందు. ఆగుట ఏ దినమున మొదలైనది, అంతకుముందు ఏమి ఎక్కించితిమి అని పుస్తకము చూచి, దానిని తొలగింపవలెను. రెండు యాంటీవైరస్ ప్రోగ్రాములు ఒకే యంత్రములో నున్నచో ఒకటి తీసివేయవలెను. షిఫ్టు మీట నొక్కియుంచి రీస్టార్టు చేసినచో సేఫ్ మోడునకు త్రోవ కనిపించును. ఆ మోడులో విండోస్ అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడచును. అక్కడ ఆగకుండ నడచినచో తరువాత ఎక్కించిన డ్రైవరేదో పాడు చేయుచున్నదని ఊహింపవచ్చును. సిస్టమ్ రిస్టోర్ ముందుగా ఆన్ చేసియున్నచో, దానితో యంత్రపు అమరికలు పాత తేదీకి మరలును, మీ పత్రములకు హాని కలుగదు.

2024 జూలై 19వ తేదీ సంగతి సభ్యులు పత్రికలలో చదివియుందురు. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థవారు పంపిన ఒక తప్పు ఫైలువలన ప్రపంచమంతట విండోస్ యంత్రములు నీలపు తెర చూపి ఆగిపోయినవి. మైక్రోసాఫ్టువారి అంచనా ప్రకారము వాటి సంఖ్య సుమారు 85 లక్షలు. హైదరాబాదు విమానాశ్రయమున కూడ ప్రయాణికులకు చేతివ్రాత బోర్డింగు పాసులు ఇయ్యవలసి వచ్చినది. అన్ని లక్షల యంత్రములలో ఒక్క మరయైనను చెడలేదు. సేఫ్ మోడులోనికి పోయి ఆ ఒక్క ఫైలును తొలగించుటతో అవి మరల లేచినవి.

విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. "అందువలననే ఆగుచున్నది, క్రొత్త యంత్రము కొనుడు" అని ఎవరైన చెప్పినచో నమ్మవలసిన పని లేదు. మద్దతు ముగియుటవలన యంత్రము ఆగదు. కాని క్రొత్త లోపములకు భద్రతా మరమ్మతులు క్రమముగా అందని యంత్రముమీద బ్యాంకు పనులు, పంచాయతీ చెల్లింపులు చేయుట మంచిది కాదు.

యంత్రము ఆగినట్లు కనిపించు మోసము కూడ ఒకటి కలదు. ఇంటర్నెట్ చూచుచుండగా తెర నిండ ఎర్రని హెచ్చరిక వచ్చి, గంట మ్రోగి, మీ కంప్యూటరునకు వైరస్ సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు అని యుండును. మౌసు పనిచేయనట్లు తోచును. అది కేవలము ఒక వెబ్ పుట. పవరు మీటను కొన్ని క్షణములు నొక్కి ఆపివేసినచో పోవును. ఆ నంబరునకు ఫోను చేసినవారిని మాటలలో పెట్టి, దూరమునుండి యంత్రమును నడపగల ఆప్ వేయించి, ఖాతాలోని సొమ్ము లాగుదురు. అప్పటికే సొమ్ము పోయియున్నచో 1930 నంబరునకు వెంటనే తెలుపవలెను.

మెకానికు చేతికి ఇచ్చునపుడు

పై పరీక్షల తరువాత కూడ కారణము తెలియనిచో మెకానికు వద్దకు పోవుటయే సరి. పెట్టెతో పాటు వేళలు వ్రాసిన పుస్తకమును, తెర ఫొటోలను చూపవలెను. మంచి మెకానికు వాటిని చూచి సంతోషించును. దుకాణములో రెండు గంటలు నడిపి, "మా వద్ద ఆగలేదు" అని తిప్పి పంపునట్టి చిక్కు కూడ దానితో తొలగును. పంచాయతీ యంత్రమైనచో డిజిటల్ సంతకపు టోకెనును పెట్టెకు తగిలించియుంచి పంపరాదు. దానిని కార్యదర్శి తన వద్దనే ఉంచుకొనవలెను. పాస్‌వర్డులు కాగితముపై వ్రాసి పెట్టెకు అంటించు అలవాటున్నచో ఆ కాగితమును చించివేయవలెను. మార్చిన ప్రతి భాగమునకు రసీదు, గ్యారంటీ కాగితము తీసికొని, పాత భాగమును తిరిగి అడుగవలెను. పాత హార్డ్ డిస్కునైతే దుకాణమున వదలనే రాదు. యంత్రమునకు అది చచ్చినను, తెలిసినవారికి అందులోని పత్రములు ఇంకను దొరకును. పాత యూపీఎస్ బ్యాటరీని మాత్రము ఇంట ఉంచుకొనక, క్రొత్తది కొనిన దుకాణమువారికే అప్పగింపవలెను. అందులో సీసము, ఆమ్లము ఉన్నవి గనుక పెంటకుప్పలో వేయరాదు.